తూకం రాయి నిలకడ: ఇంట్లో చేసుకునే డిజిటల్ థర్మామీటరుకు రిఫరెన్స్ వోల్టేజి

డిజిటల్ థర్మామీటరు చేసేది ఒక రకం తూకం. ఒక పళ్లెంలో సెన్సరు ఇచ్చిన వోల్టేజి ఉంటుంది, రెండో పళ్లెంలో రిఫరెన్స్ వోల్టేజి. మొదటిది రెండోదానిలో ఎన్నో వంతో ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) లెక్కకట్టి చూపిస్తుంది. తూకం రాయి అరిగిపోతే సరుకు ఎక్కువ తూగినట్టు కనిపిస్తుంది. అలాగే రిఫరెన్స్ తగ్గితే గదిలో వేడి పెరగకపోయినా తెర మీద డిగ్రీలు పెరుగుతాయి. ఈ చిన్న విషయం చుట్టూ యాభై ఏళ్లుగా వాదం నడుస్తోంది. బోర్డుకు వచ్చే 5 వోల్టులే చాలునని ఒకరంటారు. జీనర్ డయోడ్ లేకుండా పని జరగదని ఇంకొకరు, టీఎల్431 రిఫరెన్స్ చిప్పు పెట్టమని మరొకరు, డబ్బు ఖర్చయినా మేలైన ప్రెసిషన్ చిప్పే కొనమని వేరొకరు చెబుతారు. అసలు ఈ గొడవే వద్దు, నేరుగా అంకెలే ఇచ్చే డీఎస్18బీ20 సెన్సరు కొనుక్కోమనేవాళ్లూ ఉన్నారు. ఎవరి బల్ల మీద వాళ్ల సర్క్యూట్ బాగానే పనిచేస్తుంది కనుక ఎవరూ వెనక్కి తగ్గరు.

ఈ చిక్కుముడి పడటానికి కారణం, అందరూ విడిభాగం పేరు దగ్గర మొదలుపెట్టడమే. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నా సెన్సరుతో, రిఫరెన్స్ 1 శాతం మారితే రీడింగు ఎన్ని డిగ్రీలు మారుతుంది? ఈ ప్రశ్నకు జవాబు సెన్సరును బట్టి సున్నా నుంచి 3 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ తేడా తెలిస్తే వాదాల్లో చాలా భాగం వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ వ్యాసం వివిధ పక్షాల వాదనలను ఆ కొలతతోనే చూస్తుంది.

గాజు ఘటం నుంచి సిలికాన్ దాకా

నిలకడగా ఉండే వోల్టేజి కోసం వెతుకులాట ఎలక్ట్రానిక్స్ కంటే పాతది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రయోగశాలలు ఇందుకు రసాయన ఘటాల మీద ఆధారపడేవి. క్లార్క్ సెల్ ఉష్ణోగ్రతతో బాగా మారిపోయేది. 1893లో ఎడ్వర్డ్ వెస్టన్ చేసిన కాడ్మియం ఘటం ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. దాదాపు 1.018 వోల్టులిచ్చే ఆ ఘటం తర్వాత కొన్ని దశాబ్దాల పాటు లోకానికంతటికీ వోల్టేజి ప్రమాణంగా నిలిచింది. అయితే దాన్నుంచి కరెంటు తీసుకోకూడదు, తీసుకుంటే వోల్టేజి చెదిరిపోతుంది. అందుకే కరెంటు పారకుండా, రెండు వైపులా సమం చేసి పోల్చే పద్ధతిలోనే వాడేవారు. రిఫరెన్స్ మీద భారం వేయకూడదన్న ఆ నియమం నేటి బ్రెడ్‌బోర్డ్ దాకా అలాగే వచ్చింది.

ఎక్కువ విద్యుత్ క్షేత్రంలో ఘనపదార్థం తెగి కరెంటును వదిలే తీరును క్లారెన్స్ జీనర్ 1934లో వివరించాడు. ఆయన పేరుతో వచ్చిన డయోడ్లలో నిజానికి రెండు వేర్వేరు ప్రక్రియలున్నాయి. సుమారు 5 వోల్టుల కంటే తక్కువ రకాల్లో జరిగేది టన్నెలింగ్, అక్కడ వేడి పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. అంతకంటే పై రకాల్లో జరిగేది అవలాంచి, అక్కడ వేడి పెరిగితే వోల్టేజి పెరుగుతుంది. ఆ సరిహద్దు దగ్గరుండే 5.1, 5.6 వోల్టుల జీనర్లు వేడికి తక్కువగా చలించడం అందువల్లే. పెరిగే జీనరుకు తగ్గే మామూలు డయోడును జోడించి ఒకదాని మార్పును ఇంకొకదానితో చెల్లుపెట్టిన కుటుంబం 1ఎన్821 నుంచి 1ఎన్829 దాకా ఉంది. ఇవన్నీ 6.2 వోల్టులవే, 7.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర నడపాలి. మొదటిది డిగ్రీకి 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) మారితే చివరిది 5 పీపీఎం మాత్రమే మారుతుంది.

మూడో దారి బ్యాండ్‌గ్యాప్. 1964లో డేవిడ్ హిల్బైబర్ ఈ ఆలోచన చూపించాడు. 1971లో రాబర్ట్ విడ్లర్ దాన్ని ఎల్ఎం113 దాకా తెచ్చాడు. 1974లో పాల్ బ్రోకా ఇచ్చిన సర్క్యూట్ ఏడీ580గా వచ్చి స్థిరపడింది. సూత్రం ఇది: ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఒకదానికంటే ఒకటి 8 రెట్ల కరెంటు సాంద్రతతో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల ఆ వోల్టేజిల మధ్య తేడా మాత్రం డిగ్రీకి 0.18 మిల్లీవోల్టు చొప్పున పెరుగుతుంది. ఈ పెరిగేదాన్ని దాదాపు 11 రెట్లు చేసి తగ్గేదానికి కలిపితే వేడి ప్రభావం చెల్లిపోతుంది. మిగిలేది 1.2 వోల్టుల చిల్లర.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాల్సిన సంగతి ఉంది. పరమ ఉష్ణోగ్రతతో పాటు పెరిగే ఆ చిన్న వోల్టేజే ఎల్ఎం335, ఎల్ఎం35 లాంటి సెన్సర్లకూ మూలం. తగ్గేదానితో కలిపితే రిఫరెన్స్, కలపకుండా బయటికి తెస్తే థర్మామీటర్. రిఫ్02 అనే 5 వోల్టుల రిఫరెన్స్ చిప్పులో ఉష్ణోగ్రతకు అనులోమంగా పెరిగే వోల్టేజి ఇచ్చే కాలు ఒకటి వేరుగా ఉంది. ఒకే ఇంట్లో పుట్టిన ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకదానితో ఒకటి కొలుస్తున్నాం. రిఫరెన్స్ వేడికి చలించడం థర్మామీటరులో ఎందుకంత ఇబ్బందో దీన్నిబట్టే అర్థమవుతుంది. కొలవబోయే వస్తువే కొలబద్దను కూడా సాగదీస్తోంది.

ఇంట్లో చేసేవాళ్ల దాకా ఈ సమస్య చేరింది 1970ల చివర, ఇంటర్‌సిల్ ఐసీఎల్7106, 7107 చిప్పులతో. మొదటిది ఎల్‌సీడీని నడిపితే రెండోది ఎల్ఈడీ అంకెలను నడుపుతుంది. వీటిలో ఉన్నది డ్యూయల్ స్లోప్ పద్ధతి. లోపలికొచ్చిన వోల్టేజితో ఒక కెపాసిటర్‌ను నిర్ణీత కాలం నింపి, రిఫరెన్స్‌తో ఖాళీ చేస్తూ ఎంతసేపు పట్టిందో లెక్కపెడతారు. నింపడానికీ తీయడానికీ అదే కెపాసిటర్, అదే రెసిస్టర్, అదే గడియారం కనుక వాటి తప్పులన్నీ చెల్లిపోతాయి. చెల్లకుండా మిగిలేది రిఫరెన్స్ ఒక్కటే. మిగతా దోషులంతా ఇలా తప్పుకోవడంతో వేళ్లన్నీ దానివైపే తిరిగాయి.

1 శాతం ఖరీదు ఎంత?

ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులిస్తుంది, సున్నా డిగ్రీల దగ్గర సున్నా వోల్టు. 25 డిగ్రీల గదిలో దాని వోల్టేజి 250 మిల్లీవోల్టులు. రిఫరెన్స్ 1 శాతం తప్పితే 2.5 మిల్లీవోల్టుల తేడా వస్తుంది, అంటే పావు డిగ్రీ. టీఎంపీ36 కూడా డిగ్రీకి 10 మిల్లీవోల్టులే ఇస్తుంది కానీ 500 మిల్లీవోల్టులు ముందే కలిపి ఇస్తుంది. 25 డిగ్రీల దగ్గర దాని వోల్టేజి 750. అదే 1 శాతం తప్పు ఇక్కడ ముప్పావు డిగ్రీ. ఎల్ఎం335 పరమ శూన్యం నుంచి లెక్కపెడుతుంది. 25 డిగ్రీల దగ్గర దాదాపు 2.98 వోల్టులు ఉంటుంది కనుక 1 శాతానికి 3 డిగ్రీలు పోతాయి. అందరికీ చవకగా దొరికే 1ఎన్4148 డయోడును సెన్సరుగా వాడితే గదిలో 0.6 వోల్టు చుట్టుపక్కల ఉండి డిగ్రీకి 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 1 శాతం అంటే 6 మిల్లీవోల్టులు, మళ్లీ 3 డిగ్రీలే.

కాబట్టి ఎల్ఎం35 వాడేవాడు రిఫరెన్స్ గురించి అంత పట్టింపు ఎందుకని అడిగితే అతని సర్క్యూట్‌కు సంబంధించి అది సబబే. డయోడుతో చేసినవాడు రిఫరెన్సే ప్రాణమంటే అదీ సబబే. ఇద్దరి మధ్య 12 రెట్ల తేడా ఉంది. ఆ తేడాకు కారణం సెన్సరు నాణ్యత అనుకుంటే పొరపాటు. అది సున్నాను ఎక్కడ పెట్టుకుందన్నదే లెక్క. డయోడు విషయంలో ఆ 600 మిల్లీవోల్టులను ఆప్-ఆంప్‌తో తీసేస్తే సరిపోదా అని కొందరు వాదిస్తారు. తీసేయడానికి వాడే వోల్టేజి ఎక్కడి నుంచి వస్తోంది? అదే రిఫరెన్స్ నుంచి. అది మారితే తీసివేత కూడా మారుతుంది, తప్పు ఒక మెట్టు వెనక్కి జరుగుతుందే తప్ప పోదు. ఎల్ఎం35లో ఆ తీసివేత చిప్పు లోపలే జరిగిపోయి ఉంటుంది, అందుకే బయటి రిఫరెన్స్ తప్పును అది తట్టుకుంటుంది.

వేడికి వచ్చే మార్పునూ ఇదే తీరున లెక్కించవచ్చు. డిగ్రీకి 50 పీపీఎం చలించే రిఫరెన్స్‌ను తీసుకుందాం. తెలంగాణలో చలికాలం తెల్లవారుజామున 12 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు అనుకుంటే పరికరం ఉన్న డబ్బా చూసే తేడా 30 డిగ్రీలు. మొత్తం మార్పు 1,500 పీపీఎం, అంటే 0.15 శాతం. ఎల్ఎం35కు 42 డిగ్రీల దగ్గర అది 0.06 డిగ్రీ, పట్టించుకోనక్కర్లేదు. ఎల్ఎం335కు దాదాపు అర డిగ్రీ. ఒకే చిప్పు ఒకచోట అనవసరమైనంత మంచిది, ఇంకోచోట చాలీచాలనిది.

సప్లై చాలుననే పక్షం

ఆర్డుయినో ఉనో బోర్డులో ఏమీ చెప్పకపోతే సప్లై 5 వోల్టులే రిఫరెన్స్ అవుతుంది. అందుకే ఎక్కువ మంది ఈ పక్షంలో తెలియకుండానే చేరతారు. పాత యూఎస్‌బీ నియమాల ప్రకారం పోర్టు దగ్గర ఆ 5 వోల్టులు 4.75 నుంచి 5.25 దాకా ఉండొచ్చు. 30 డిగ్రీల గదిలో ఎల్ఎం35తో లెక్కేస్తే మొదటి కొసన 31.6, రెండో కొసన 28.6 చూపిస్తుంది. గది ఒకటే, సెన్సరు ఒకటే, అడాప్టర్ మారితే 3 డిగ్రీల తేడా. పైగా 5 వోల్టులను 1,024 మెట్లు చేస్తే ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, దాదాపు అర డిగ్రీ. 110 డిగ్రీల దాకా కొలవడానికి 1.1 వోల్టు సరిపోయేచోట 5 వోల్టుల కొలబద్ద పట్టుకోవడం వల్ల ముప్పాతిక భాగం మెట్లు వృథా.

ఈ పక్షం వారి బలమైన సమాధానం 7805 అనే 5 వోల్టుల రెగ్యులేటరు. అది 4.8, 5.2 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కానీ ఎక్కడున్నా అక్కడే ఉంటుంది, ఒక్కసారి కొలిచి ప్రోగ్రాములో రాసుకుంటే చాలునంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. కచ్చితత్వం వేరు, నిలకడ వేరు అన్నది ఈ వాదం మొత్తంలో అందరూ కలిపేసే విషయం, దాన్ని విడదీసింది వీళ్లే. 7805 డిగ్రీకి మిల్లీవోల్టు చొప్పున జరుగుతుందనుకుంటే 30 డిగ్రీలకు 0.6 శాతం మార్పు. ఎల్ఎం35తో ఎండాకాలంలో పావు డిగ్రీ. ఇంటి గది థర్మామీటరుకు అది ఒప్పుకోదగ్గదే. చిక్కు బ్యాటరీతో వస్తుంది. 7805కు లోపలికి కనీసం 7 వోల్టులు కావాలి. 9 వోల్టుల బ్యాటరీ అరుగుతూ ఆ గీత దాటినప్పుడు 5 వోల్టులు కూడా మెల్లగా జారతాయి, డిగ్రీలు మెల్లగా ఎక్కుతాయి. పరికరం పాడైనట్టు ఏ గుర్తూ కనిపించదు. నిశ్శబ్దంగా అబద్ధం చెప్పే పరికరం, ఆగిపోయిన పరికరం కంటే ప్రమాదకరం.

సప్లై మీద ఇంకో అభ్యంతరాన్ని ఐసీఎల్7107 డేటాషీట్ తానే చూపించింది. చిప్పు లోపలి రిఫరెన్స్ డిగ్రీకి సుమారు 80 పీపీఎం చలిస్తుంది, అది పెద్ద దోషం కాదు. కానీ ఆ చిప్పే ఎల్ఈడీలను కూడా వెలిగిస్తుంది. తెర మీద 1000 ఉంటే 20 గీతలు వెలగాలి, 1111 ఉంటే 8 చాలు. గీతలు ఎక్కువైతే చిప్పు వేడెక్కుతుంది, వేడెక్కితే రిఫరెన్స్ జరుగుతుంది, జరిగితే అంకె మారుతుంది. చూపించే అంకె తనను తాను మార్చుకునే స్థితి అది. అందుకే ఎల్ఈడీ రకానికి బయటి రిఫరెన్స్ పెట్టుకోమని తయారీదారే సలహా ఇచ్చాడు. ఎల్‌సీడీ రకమైన 7106కు ఈ బాధ లేదు. కొత్త బోర్డుల మీద కూడా ఏడు గీతల ఎల్ఈడీ తెరను, సెన్సరును ఒకే 5 వోల్టుల మీద పెట్టేవాళ్లకు ఇదే రోగం వేరే రూపంలో ఎదురవుతుంది.

జీనర్ పక్షం

పాత పుస్తకాల సర్క్యూట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. నా అభిప్రాయంలో ఇప్పుడు వదిలేయాల్సిందీ ఇదే. 3.3 వోల్టుల 1ఎన్4728ఏ జీనరును చూడండి. దాని మీద రాసిన 3.3 అన్న అంకె 76 మిల్లీ ఆంపియర్లు పారినప్పటిది. అంత కరెంటు పారితే పావు వాటు వేడి పుడుతుంది. ఆ వేడిని తప్పించాలని 1 మిల్లీ ఆంపియరు దగ్గర నడిపితే వోల్టేజి 3.3కు చాలా కింద ఉంటుంది. అక్కడ దాని అంతర్నిరోధం 400 ఓములు కూడా ఉండొచ్చు. అంటే కరెంటు పదో వంతు మారితే 40 మిల్లీవోల్టులు కదులుతుంది. సప్లై కదలికను ఆపడానికి పెట్టిన భాగం ఆ కదలికలో కొంత భాగాన్ని లోపలికి పంపుతుంది. 5.6 వోల్టుల రకం ఇంతకంటే మేలు, 1ఎన్829 లాంటివి నిజంగా గొప్పవి. కానీ వాటికి 9 వోల్టులకు పైబడిన సప్లై, 7.5 మిల్లీ ఆంపియర్ల నిలకడైన కరెంటు కావాలి. ఆ కరెంటును నిలకడగా ఉంచడానికి వేసే సర్క్యూట్‌కు పెట్టే శ్రమతో ఒక మంచి బ్యాండ్‌గ్యాప్ వచ్చేస్తుంది. లోపలి హీటరుతో వేడిగా ఉంచే ఎల్ఎం399 లాంటి రిఫరెన్స్‌లు ఈ చర్చలోకి రావలసిన పనే లేదు. అవి పది లక్షల్లో ఒక వంతు కోసం పుట్టినవి, ఎల్ఎం35 పక్కన పెడితే బంగారం తూచే తక్కెడతో బియ్యం కొలిచినట్టు.

బ్యాండ్‌గ్యాప్ పక్షం

టీఎల్431 చూడటానికి మూడు కాళ్ల ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది, పాత కంప్యూటర్ పవర్ సప్లైలు విప్పితే లోపల దొరుకుతుంది. రిఫరెన్స్ 2.495 వోల్టులు, రకాన్ని బట్టి 2 శాతం, 1 శాతం, అర శాతం తేడాతో వస్తుంది. దీన్ని వాడేవాళ్లు చేసే తప్పులు రెండు. కనీసం 1 మిల్లీ ఆంపియరు పారనివ్వకపోవడం మొదటిది. మంచి పని చేస్తున్నామనుకుని దాని మీద మధ్యస్థమైన కెపాసిటర్ పెట్టడం రెండోది. కొన్ని విలువల దగ్గర అది ఊగిసలాడుతుంది, మల్టీమీటరులో మాత్రం ఆ ఊగిసలాట కనిపించదు. ఎల్ఎం336 మన బజార్లలో చాలాకాలంగా ఉన్నది, దాని సర్దుబాటు కాలుతో 2.490 వోల్టులకు తిప్పితే వేడికి చలనం అతి తక్కువగా ఉంటుంది. ఎల్ఎం4040 మేలు రకం 0.1 శాతంలో వస్తుంది, 100 మైక్రో ఆంపియర్ల లోపే నడుస్తుంది కనుక బ్యాటరీ పరికరానికి నప్పుతుంది.

మైక్రోకంట్రోలరు లోపల ఉచితంగా వచ్చే బ్యాండ్‌గ్యాప్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. ఆర్డుయినో ఉనోలో ఉండే ఏటీమెగా328పీ లోపలి 1.1 వోల్టు, డేటాషీట్ ప్రకారం 1.0 నుంచి 1.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఈఎస్పీ32లోనూ చిప్పు నుంచి చిప్పుకు తేడా అంతే. 10 శాతం తప్పంటే ఎవరైనా భయపడతారు. అది ఒక చిప్పుకూ ఇంకో చిప్పుకూ మధ్య తేడా, ఒకే చిప్పులో రోజుకూ రోజుకూ మధ్య తేడా కాదు. ఒక్కసారి కొలిచి రాసుకుంటే ఎల్ఎం35కు ఇంతకంటే సరైన జోడీ అరుదు. మెట్టు 0.107 డిగ్రీ, పై హద్దు సుమారు 110 డిగ్రీలు. ఏటీమెగా328పీలోని ఏరెఫ్ కాలుకు బయటి రిఫరెన్స్ తగిలించేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ కాలు వెనక సుమారు 32 కిలో ఓముల నిరోధం ఉంది. రక్షణ కోసమని 5 కిలో ఓముల రెసిస్టర్ వరుసలో పెడితే 2.5 వోల్టులు చిప్పుకు చేరేసరికి 2.16 అవుతాయి. 0.1 శాతం రిఫరెన్స్ కొని 13 శాతం తప్పు చేసినట్టవుతుంది.

సెన్సరుకే అర డిగ్రీ తప్పున్నప్పుడు రిఫరెన్స్ గురించి ఇంత చర్చ ఎందుకన్న అభ్యంతరం తరచూ వినబడుతుంది. సెన్సరు తప్పు చాలావరకు కదలనిది, ఒకసారి సరిదిద్దితే సరిపోతుంది. రిఫరెన్స్ తప్పు అడాప్టర్‌తో, తెరతో, బ్యాటరీతో మారుతూ ఉంటుంది, సరిదిద్దడానికి చేతికి చిక్కదు. వంద రీడింగుల సగటు తీస్తే పోతుందన్నదీ నిలవదు. అరిగిన రాయితో వందసార్లు తూచినా వచ్చేది అరిగిన తూకమే.

రాయి బరువుతో పని లేని తూకం

తక్కెడను కొండ మీదికి తీసుకెళ్లినా తప్పు చెప్పదు, సరుకు మీదా రాయి మీదా భూమి లాగుడు ఒకేలా మారుతుంది కనుక. స్ప్రింగు త్రాసుకు ఆ భాగ్యం లేదు. వేడిని బట్టి నిరోధం మారే థర్మిస్టర్‌ను ఒక రెసిస్టర్‌తో వరుసలో పెట్టి, ఆ జంటకు ఇచ్చిన వోల్టేజినే ఏడీసీకి రిఫరెన్స్‌గా ఇస్తే మన పరికరం తక్కెడ అవుతుంది. సప్లై 4.75 అయినా 5.25 అయినా నిష్పత్తి అదే. 1833లో క్రిస్టీ చెప్పి, 1843లో వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన బ్రిడ్జి వెనక ఉన్న తెలివీ ఇదే. అన్ని పక్షాలూ గొడవపడే వోల్టేజి ప్రశ్నను ఇది ఒక్క తీగతో దాటేస్తుంది. అయినా ప్రాజెక్టు రిపోర్టుల్లో థర్మిస్టర్ పక్కన వేరే రిఫరెన్స్ చిప్పు పెట్టి, రెంటి మధ్య లేని తగవును కొనితెచ్చుకోవడం కనిపిస్తూనే ఉంటుంది.

ఈ పక్షానికీ తీర్చాల్సిన బాకీ ఉంది. నిష్పత్తి పద్ధతిలో రిఫరెన్స్ మాయమైపోదు, వోల్టు నుంచి ఓముకు మారుతుంది. ఇప్పుడు తూకం రాయి ఆ వరుస రెసిస్టరే. 3950 రకం 10 కిలో ఓముల థర్మిస్టర్ గది వేడిలో డిగ్రీకి 4.4 శాతం మారుతుంది కనుక, రెసిస్టర్ 1 శాతం తప్పితే పోయేది పావు డిగ్రీ కూడా కాదు. 100 పీపీఎం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ 30 డిగ్రీల తేడాకు 0.3 శాతం జరిగితే వచ్చే తప్పు 0.07 డిగ్రీ. అదే పీటీ100 అనే ప్లాటినం సెన్సరు అయితే కథ మారిపోతుంది. డిగ్రీకి 0.385 ఓమే మారుతుంది, 1 శాతం తప్పు 2.5 డిగ్రీలు దాటుతుంది. ప్లాటినం పేరు చూసి కొని, పక్కన మామూలు రెసిస్టర్ పెడితే ఆ ప్లాటినం వల్ల ఒరిగేదేమీ లేదు. థర్మిస్టర్ తన కరెంటుకు తానే వేడెక్కుతుందన్నది రెండో బాకీ. 5 వోల్టుల మీద రెండు 10 కిలో ఓముల జంటలో దాని మీద 0.6 మిల్లీవాటు పైచిలుకు ఖర్చవుతుంది, కదలని గాలిలో చిన్న పూసకు అది డిగ్రీలో మూడో వంతో సగమో పెంచవచ్చు. వోల్టేజి తగ్గిస్తే, లేదా కొలిచే క్షణంలోనే కరెంటు ఇస్తే ఇది తీరిపోతుంది.

డీఎస్18బీ20 వాదం

రిఫరెన్స్, సెన్సరు, ఏడీసీ అన్నీ ఒకే చిప్పులో పెట్టి, ఫ్యాక్టరీలోనే సరిదిద్ది, అంకెలనే బయటికి పంపే పద్ధతి ఇది. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల దాకా అర డిగ్రీ లోపు హామీ ఉంది. 12 బిట్ల దగ్గర మెట్టు 0.0625 డిగ్రీ, ఒక్కో కొలతకు ముక్కాలు సెకను పడుతుంది. తీగ పొడవుగా లాగినా వోల్టేజి నష్టం లేదు. ఇంటి అవసరానికి దీన్ని మించింది లేదన్న మాటను ఒప్పుకోవలసిందే. అయితే 0.0625 అన్న మెట్టు చూసి అంత కచ్చితమని నమ్మడం తప్పు, హామీ అర డిగ్రీకే. ఈ చిప్పుకు నకిలీలు విరివిగా ఉన్నాయన్నది కూడా తెలిసిన విషయమే. నకిలీ చేతికొస్తే లోపలి రిఫరెన్స్‌ను పరీక్షించే దారి ఉండదు, సరిదిద్దే పిన్నూ ఉండదు. విడిభాగాలతో చేసినదానిలో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవచ్చు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని ప్రాజెక్టు చేసే విద్యార్థికి ఆ వెతుకులాటే చదువు.

మంచు చెప్పేది, చెప్పనిది

ఏ పక్షమైనా చివరికి, క్యాలిబ్రేట్ చేసుకుంటే సరిపోతుందని ముగిస్తుంది. ఈ మాటలో ఒక ఉచ్చు ఉంది. చితక్కొట్టిన మంచు, నీళ్లు కలిపిన గ్లాసు చక్కటి సున్నా ఇస్తుంది. కానీ ఎల్ఎం35 సున్నా డిగ్రీల దగ్గర ఇచ్చేది సున్నా వోల్టు. సున్నాలో రిఫరెన్స్ 10 శాతం తప్పినా సున్నాయే. పైగా ఒకే సప్లైతో మామూలుగా కలిపినప్పుడు ఆ చిప్పు 2 డిగ్రీల కిందికి సరిగా దిగదు. ఎల్ఎం35 విషయంలో మంచు పరీక్ష రిఫరెన్స్ గురించి ఏమీ చెప్పదు. డయోడుకు మాత్రం మంచు దగ్గర కూడా 0.6 వోల్టు పైనే ఉంటుంది కనుక అక్కడ ఆ పరీక్ష పనికొస్తుంది.

అందుకే రెండో కొస కావాలి, వెంటనే మరిగే నీళ్లు గుర్తొస్తాయి. సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు మరిగేది 98 డిగ్రీల చిల్లర దగ్గర. విశాఖ తీరంలో 100 దగ్గర. పుస్తకంలో 100 అని ఉందని హైదరాబాద్‌లో తెరను 100కు తిప్పితే 1.8 శాతం తప్పు శాశ్వతంగా లోపల కూర్చుంటుంది, 40 డిగ్రీల దగ్గర అది 0.7 డిగ్రీ. ఎంత మేలైన రిఫరెన్స్ కొన్నా ఆ కొనుగోలు ఇక్కడ నీటిపాలవుతుంది. మల్టీమీటరుతో రిఫరెన్స్‌ను నేరుగా కొలవడం ఇంతకంటే నమ్మకమైన దారి, కానీ మామూలు మీటరుకు కూడా అర శాతం తప్పు ఉండొచ్చు, దాని లోపలా ఒక రిఫరెన్సే ఉంది. ఎల్ఎం35కు అర శాతం చాలు, డయోడుకు చాలదు.

ఇంకా తేలనివి

ప్లాస్టిక్ ఒంటి చవక రిఫరెన్స్‌లు పదేళ్లలో ఎంత జరుగుతాయన్నది మొదటి ప్రశ్న. తయారీదారులు సాధారణంగా 1,000 గంటల అంకె ఇస్తారు, అదీ సగటుది. ఇంటి గోడ మీద పరికరం ఏడాదికి 8,760 గంటలు నడుస్తుంది. ప్లాస్టిక్ తేమ పీల్చుకుని ఉబ్బితే లోపలి సిలికాన్ మీద ఒత్తిడి మారి వోల్టేజి కదులుతుందన్నది తెలిసినదే. కోస్తా ఊళ్ల తేమలో, సోల్డర్ వేడి తిన్న చిప్పులో అది ఎంతో ముందుగా చెప్పే నియమం లేదు. డబ్బాను, సెన్సరును ఒకేచోట పెట్టాలా, విడిగా పెట్టాలా అన్నది రెండో ప్రశ్న. ఒకేచోట ఉంటే రిఫరెన్స్ చలనం కూడా కొలిచే ఉష్ణోగ్రతతోనే నడుస్తుంది కనుక రెండు కొసల క్యాలిబ్రేషన్‌లో అది కలిసిపోతుంది. విడిగా ఉంటే తీగ బయట ఎండలో, డబ్బా గదిలో, రెండు వేర్వేరు లోకాలు. మొదటి పద్ధతి వైపు వాదన బలంగా ఉన్నా, డబ్బా లోపలి ఎల్ఈడీల వేడి సెన్సరుకు తగిలి అసలుకే మోసం రావొచ్చు.

వివాదంలో తేలినంత మేరకు నా తీర్పు ఇది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు థర్మిస్టర్‌ను నిష్పత్తి పద్ధతిలో, మంచి మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌తో వాడితే రిఫరెన్స్ కొనాల్సిన పనే లేదు. ఎల్ఎం35 వాడితే మైక్రోకంట్రోలరు లోపలి 1.1 వోల్టును ఒకసారి కొలిచి వాడుకోవడం చాలు. డయోడు, ఎల్ఎం335 వాడేవాళ్లకే 50 పీపీఎం కంటే మెరుగైన విడి రిఫరెన్స్ మీద డబ్బు పెట్టడం న్యాయం. నిష్పత్తి పద్ధతి కాని చోట తక్కువ వోల్టుల జీనరును, నేరుగా యూఎస్‌బీ సప్లైని రిఫరెన్స్‌గా వాడటం ఎవరికీ తగదు.

థర్మామీటరు సర్క్యూట్లు ప్రచురించేవారిని, పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కళాశాలల్లో వాటి మీద రికార్డులు రాయించే అధ్యాపకులను కోరేది ఒక్కటే. విడిభాగాల పట్టిక కింద ఒక వాక్యం చేర్చండి: ఈ సర్క్యూట్‌లో రిఫరెన్స్ 1 శాతం మారితే రీడింగు ఇన్ని డిగ్రీలు మారుతుంది.